చెట్టు మీద మనిషి

నవంబర్ 21, శుక్రవారం. మార్కాపురం

రేపు పొద్దున ఆరింటికి జీపు. షారోన్ ఇప్పటికే మూడుసార్లు ఫోను చేసింది, స్వెట్టరు పెట్టుకున్నావా అని ఒకసారి, దోమల క్రీము అని ఒకసారి, ఊరికే ఒకసారి. పదేళ్ళుగా ఒకే బడిలో పనిచేస్తున్నాం, తను ఇంగ్లీషు, నేను బయాలజీ. ఎప్పుడూ ఇలా ఇల్లు వదిలి పోలేదు. ఈ నోటుబుక్కు చెట్లూ పిట్టలూ రాసుకోవడానికి. సోమవారం వచ్చి చెబుతానని తొమ్మిదో తరగతికి మాటిచ్చాను.

ఊళ్ళో ఉన్న అమ్మకు ఫోను చేసి చెప్పక తప్పలేదు.

"ఏ అడవి?" అంది.

"మన నల్లమలేనమ్మా. రెండు రోజులు. అక్కడ రూములున్నాయి, జీపులో తిప్పుతారు."

"మన అడవికి టిక్కెట్టు కొనుక్కొని పోవాల్నా?"

 తర్వాత నాయన మాట ఎత్తింది. తప్పిపోయిన ఎద్దులను వెతుక్కుంటూ చిన్నాయనను వెంటబెట్టుకుని ఆ అడవిలోకే పోయాడు నాయన. ఎలుగుబంటి చంపింది. నాకప్పుడు ఆరేళ్ళు. అమ్మ ఎప్పుడు చెప్పినా అవే మాటలు, అదే వరసలో. "ఒక్క దెబ్బకే పోయినాడు మీ నాయన. నొప్పి కూడా తెలీలే. మీ చిన్నాయన ఒక్కడే భుజాన మోసుకొచ్చినాడు." ఇవాళ నేను అడగలేదు. అడగకుండానే చెప్పింది.

నవంబర్ 22, శనివారం. అడవిలో

ఎంత బాగుందో! ముప్ఫై నాలుగేళ్ళు ఈ అడవి పక్కనే బతికి ఇప్పుడా నేను దీన్ని చూడడం?

గేటు దగ్గర ప్లాస్టిక్ సీసాలు తీసేసుకున్నారు. మాతోపాటు ఒంగోలు నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగులు నలుగురు ఉన్నారు. గైడు పేరు అంకన్న, చెంచు మనిషి, యాభై ఏళ్ళుంటాయి. ఖాకీ చొక్కా, క్యాన్వాస్ బూట్లు. ఎండుటాకుల మీద నడుస్తున్నా చప్పుడు వినపడదు. మేం ఆరుగురం నడుస్తుంటే మాత్రం అప్పడాలు విరిచినట్టుంది.

పిల్లల కోసం: నల్లమద్ది. బెరడు అచ్చం మొసలి వీపు. ఎండాకాలం దీని బొడిపెలో నీళ్ళుంటాయట, గొడ్డలితో ఒక గాటు పెడితే ధార కడుతుందట. బెట్టుడుత ఒకటి, తోక దాని ఒంటికంటే పొడుగు. కొండగొర్రెలు రెండు. దుప్పులు లెక్కలేనన్ని. వాగు ఇసుకలో పెద్దపులి అడుగు, తెల్లవారుజాముదట. అంకన్న దాని పక్కన అరచెయ్యి పెట్టి చూపించాడు. చెయ్యే చిన్నది. షారోన్ జీపు దిగనంటే దిగనంది.

ఒక చెట్టు నిండా ఎలుగుబంటి గోళ్ళ గీతలు, తేనె కోసం ఎక్కినవి. వేలితో తడిమి చూశాను. లోపల నాకేమీ కాలేదు. కాలేదు కాబట్టే రాస్తున్నాను.

మధ్యాహ్నం జొన్నరొట్టె, ఉడికించిన గడ్డలు, తేనె. తేనె వడ్డించే ముందు అంకన్న చెట్టు మొదట్లో ఉన్న రాయి మీద నాలుగు చుక్కలు పోశాడు. లింగమయ్యట. "ముందు ఆయనకు, తర్వాతే మనకు" అన్నాడు. విల్లు కూడా చేతికిచ్చారు. షారోన్ వేసిన బాణం తన కాలి దగ్గరే పడింది. నాది ఆరడుగులు పోయింది, అందరూ చప్పట్లు కొట్టారు.

సాయంత్రం ఎండ ఉండగానే రూముల ముందు చెంచు ఆడవాళ్ళు, మగవాళ్ళు ఆడి చూపించారు. శనివారం శనివారం ఉంటుందట. ఆడే పిల్ల ఒకతి పాటకూ పాటకూ మధ్య సెల్లు చూసుకుంటూ ఉంది. నాకెందుకో సిగ్గేసింది, ఆ పిల్లను చూసి కాదు, కుర్చీలో కూర్చున్న నన్ను చూసుకుని. షారోన్ మాత్రం పోయి వాళ్ళతో కలిసి ఆడింది.

రేపు కొండ మీదికి నడక. నాలుగు కిలోమీటర్లు.

నవంబర్ 23, ఆదివారం. మధ్యాహ్నం, తిరుగు జీపులో

అక్షరాలు కుదరడం లేదు. జీపు వల్ల.

అదే రోజు సాయంత్రం. ఇల్లు

జరిగింది జరిగినట్టు రాయాలి. లేకపోతే రేపటికి నేనే మార్చేసుకుంటాను.

కొండ ఎక్కుతూ సగం దారిలో ఎండిన వాగు పక్కన ఒక పెద్ద బండ మీద కూర్చున్నాం. బ్యాంకు ఆయన ఒకాయన అడిగాడు, ఎలుగుబంటి నిజంగా మనుషుల్ని చంపుతుందా అని.

"పులి మనిషిని చూస్తే తప్పుకొని పోతాది సార్. ఎలుగు అట్ల కాదు. దానికి చెవులు మందం. ఎదురుపడితే దానికీ భయమే, ఆ భయానికే మీద పడతాది" అన్నాడు అంకన్న. "ఈ వాగులోనే అయింది ఒకసారి. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. అన్నాదమ్ములు ఇద్దరు, కింద ఊళ్ళోళ్ళు, ఎద్దులు పోయినాయని వెతుక్కుంటా వచ్చినారు. పెద్దోడి మీద పడింది. చిన్నోడు పందొమ్మిదేళ్ళోడు, పరుగో పరుగు. మరుసటి పొద్దున నేను పోయి చూస్తే యాడున్నాడనుకున్నారు? ఏగిస చెట్టు పైన! కొమ్మకు పంచెతో కట్టేసుకొని కూర్చున్నాడు. దిగు అబ్బీ అంటి. వాడు నన్ను కిందికీ పైకీ చూసి, 'నువ్వు ఎలుగువి కాదు గదా?' అన్నాడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నవ్వాను. కళ్ళలో నీళ్ళొచ్చేంతగా నవ్వాను. అన్నదమ్ములు, ఎద్దులు, ఎలుగుబంటి, అన్నీ విని కూడా. మా ఇంట్లో చెప్పుకునే కథలో చెట్టు మీద మనిషి లేడు, అందుకని నవ్వాను.

"మరి పెద్దాయన?" అని షారోన్ అడిగింది.

"ఆ రాత్రంతా ఉన్నాడు మేడమ్. తెల్లారీ ఉన్నాడు. పొద్దుగూకే ముందర మా అమ్మ చేతుల్లో పోయినాడు. నీళ్ళు తాగినాడు, మాట్లాడినాడు. ఆరేళ్ళ కూతురుందంట, రేడియో పేరు పెట్టుకున్నాడంట."

"రేడియో పేరేంటి?" అన్నాడు బ్యాంకు ఆయన.

"వాణి అంట సార్. ఆకాశవాణి, కడప కేంద్రం అని వస్తాది గదా, ఆ వాణి."

షారోన్ నా వైపు తిరిగింది. నాకు ఆ పేరు ఎందుకు పెట్టారో నేనే తనకు చెప్పాను, చాలాసార్లు, నవ్వుతూ. అంకన్న షారోన్‌ను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. అంతటితో ఆపేశాడు. "పదండి, ఎండెక్కుతాంది" అని లేచాడు.

కొండ పైన ఏం చూశామో నాకు గుర్తు లేదు. ఫోనులో ఫోటోలున్నాయి. నేను నవ్వుతూ ఉన్నాను వాటిలో.

నవంబర్ 24, సోమవారం

వాణి అనే పేరు ఎంతమందికి లేదు? మా బడిలోనే ఇద్దరున్నారు. అప్పుడు ప్రతి ఇంట్లో రేడియో ఉండేది. ఎద్దులు అందరివీ తప్పిపోతాయి. గైడులు ఒక కథకు నాలుగు కథలు కలుపుతారు, వాళ్ళ బతుకుతెరువు అది. పిల్లలకు నల్లమద్ది గురించి బాగా చెప్పాను.

ఆ మనిషి మా నాయన కాదు.

దిగి వచ్చేటప్పుడు అంకన్న ఒక్కసారి కూడా నా మొహంలోకి చూడలేదు.

నవంబర్ 25

ఒక రాత్రి. మళ్ళీ పొద్దుగూకే దాకా ఒక పగలు.

నవంబర్ 26, బుధవారం

చిన్నాయనకు ఫోను చేశాను. నన్ను పెంచింది ఆయనే. నాయన పోయాక పదహారేళ్ళు పెళ్ళి చేసుకోలేదు, నా చదువు అయ్యేదాకా. ఐదో తరగతిలో నన్ను హాస్టల్లో వదిలి వస్తూ బస్టాండులో కూర్చుని ఏడ్చాడని అమ్మ చెప్పేది. చిన్నాయన ఆంజనేయులు వచ్చాడంటే ఊళ్ళో లేచి నిలబడతారు, అన్న శవాన్ని అడవి నుంచి ఒంటరిగా మోసుకొచ్చిన మనిషి అని.

కందిచేను ఎలా ఉందో అడిగాను. మోకాళ్ళ గురించి అడిగాను. ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు.

"అడవి చూసొచ్చినావంట గదా పాపా. మీ అమ్మ చెప్పింది" అన్నాడు.

"ఊఁ. బాగుంది చిన్నాయనా."

"ఎలుగు ఏమన్నా కనపడిందా?"

"లేదు."

"మంచిదే" అన్నాడు.  "మంచిదేలే" అని మళ్ళీ అన్నాడు.

మా ఆయన రాజ్ కుమార్ పలకల ఫ్యాక్టరీ నుంచి వచ్చి మొహం అలా ఉందేమని అడిగాడు. జలుబు అన్నాను.

నవంబర్ 27

ఈ నాలుగు రోజులూ తట్టలేదు. అంకన్నకు నాయన కనపడింది ఎప్పుడు? ముందా, తర్వాతా? ముందే కనపడి ఉంటే, ప్రాణంతో ఉన్న మనిషిని వదిలేసి చెట్టు మీది మనిషి కోసం ఎందుకు పోయినట్టు? రోడ్డుకు ఎందుకు పోలేదు?

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట కూడా రోడ్డు ఉంది. రోడ్డు మీద లారీలు తిరిగేవి.

నవంబర్ 29, శనివారం. మా ఊరు

బడి నుంచి నేరుగా యర్రగొండపాలెం బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో ఊరికి వచ్చాను. అమ్మ వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతోంది. నా చేతిలో సంచి కూడా లేకపోవడం చూసి చేట పక్కన పెట్టింది.

"నాయన వెంటనే పోలేదంట గదమ్మా" అన్నాను.

ఎవరు చెప్పారని అడుగుతుందనుకున్నాను. అబద్ధమని కసురుతుందనుకున్నాను. బస్సులో వాటన్నిటికీ జవాబులు తయారు చేసుకున్నాను.

"అంకన్న కనపడినాడా?" అంది.

అంతే. పేరుతో సహా. నేను గడప మీదే కూర్చున్నాను.

"నీకు తెలుసా?"

"దినాలు అయినాక వారానికి అంకన్న వాళ్ళమ్మ వచ్చింది, నాగమ్మ. కొండ దిగి నడుచుకుంటా వచ్చింది, ఒక సీసాలో తేనె తెచ్చుకొని. పెరట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టినా. అంతా చెప్పింది. మీ నాయన ఏం తాగినాడు, ఏం మాట్లాడినాడు, అంతా. మీ చిన్నాయనను చెట్టు మీంచి దింపినారని గూడా చెప్పింది."

"అయితే ఒక్క దెబ్బకే పోయినాడని నాకెందుకు చెప్పినావు? మొన్న గూడా చెప్పినావే!"

"మరేం చెప్పమంటావు? ఆరేళ్ళ దానివి. రాత్రంతా నాయన అడవిలో పడి ఉన్నాడని చెప్పమంటావా?"

"ఆరేళ్ళప్పుడు సరే. ముప్ఫై ఏళ్ళప్పుడు?"

"చెప్పీ చెప్పీ నాకు గూడా అదే నిజమయిపోయింది" అంది. కొంగుతో మొహం తుడుచుకుంది, కానీ ఏడవలేదు. ఏడ్చింది నేను.

చిన్నాయన సంగతి తెలిసీ ఇన్నేళ్ళు ఎలా అన్నం పెట్టావని అడిగాను. గట్టిగానే అడిగాను, పక్కింటికి వినపడేలా.

"మెల్లగా" అంది అమ్మ. "వాడు పందొమ్మిదేళ్ళోడు వాణీ. నీ తొమ్మిదో తరగతి పిల్లోళ్ళకంటే నాలుగేళ్ళు పెద్ద, అంతే. ఊరంతా వాణ్ణి మెచ్చుకుంటాంటే వాడు ఆ మూల కూర్చొని గోళ్ళు కొరుక్కుంటా ఉండె. నేను నోరు తెరిస్తే వాడు ఉరేసుకునేవాడు. వాడు పోతే మనకెవరుండారు? నాకు పాతికేళ్ళు. నేను కావాలనే ఎత్తలే ఆ మాట. వాడికీ తెలీదు, నాకు తెలుసని."

"అంకన్న నాయనను వదిలేసి చిన్నాయన కోసం ఎందుకు పోయినాడు?"

అమ్మ చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. "అది నాగమ్మ చెప్పలే. నేను అడగలే" అంది.

నవంబర్ 30, ఆదివారం

అంకన్న వాళ్ళ గూడెం మా ఊరి నుంచి ఎనిమిది కిలోమీటర్లు. గేటు దాటక్కర్లేదు, ఆటో పోతుంది. పదిహేను ఇళ్ళు. మొన్న మేం దిగిన క్యాంపు వాళ్ళను అడిగి నంబరు తీసుకుని ముందే ఫోను చేశాను. అంకన్న దారిలోకి వచ్చి నిలబడి ఉన్నాడు, ఖాకీ చొక్కా లేకుండా, చెప్పులు కూడా లేకుండా.

"నువ్వని తెలిస్తే చెప్పేవాణ్ణి కాదమ్మా" అన్నాడు. "తెలీదు. నీ మొహంలో మీ నాయన లేడు."

నాగమ్మకు డెబ్భై అయిదు దాటి ఉంటాయి. కళ్ళకు పొర వచ్చింది. ఇంటి ముందు ఎండలో గోనె మీద కూర్చుని ఉంది. నేనెవరో అంకన్న చెప్పగానే రెండు చేతులూ చాపింది. ఆ చేతులు పట్టుకున్నాను. ఈ చేతుల్లోనే అనుకున్నాను, అనుకున్నాక వదలలేకపోయాను.

"అవ్వా, మా నాయనకు నొప్పి ఉండెనా?" అన్నాను. ముందుగా అడగాలనుకున్నది అది కాదు.

"ఉండె" అంది. "రాత్రి చానా ఉండె. తెల్లారినాక తగ్గింది. నీళ్ళడిగినాడు. ఆకులో పోసినా. నా బిడ్డ బడికి పోతాంది, రేడియో పేరు, అన్నాడు. ఆ పేరే అంటా ఉండె."

నా జీవితంలో ఎవరూ నాకు ఉండె అని చెప్పలేదు. లేదు, లేదు, తెలీలేదు, ఇవే. ఆ ఒక్క మాట నేరుగా వచ్చి తగిలింది. కానీ ఆ ముసలామె మీద కోపం రాలేదు.

తర్వాత అంకన్నను అడిగాను. రోడ్డుకు ఎందుకు పోలేదు?

అతను వాళ్ళమ్మను చూశాడు. ఆమె చెప్పు అన్నట్టు తల ఊపింది.

"నేనూ మా అమ్మా గడ్డలు తవ్వను పోయినాం. మూలుగు వినపడి పోతే మీ నాయన. పొద్దు ఇంకా చానా ఉంది. గూడెంలో మగోళ్ళంతా వెదురు కొట్టను పోయినారు, ఉన్నది నేనొక్కణ్ణే. ఉరికితే మూడు గంటల్లో రోడ్డు. చీకటి పడేలోపల ఏదన్నా లారీని ఆపి మనుషుల్ని తెస్తానని లేచినా. మీ నాయన నా కాలు పట్టుకున్నాడమ్మా."

"కాలు..."

"ఇట్ల. చీలమండ పట్టుకున్నాడు. 'ముందు మా తమ్ముణ్ణి చూడు. వాడికి అడవి తెలీదు. చిన్నోడు. ఏదో ఒకటి తినేస్తాది వాణ్ణి' అన్నాడు. అట్ల కాదన్నా, నీకు రక్తం పోతాంది, ముందు రోడ్డుకు పోతానంటే వదల్లే. 'నేనేడికీ పోను, ఇక్కడే ఉంటా. నువ్వు వాణ్ణి పట్టుకొని రా' అన్నాడు. నాకు ఇరవై రెండేళ్ళు. పెద్దోడు చెప్పినాడు, పోయినా. వాడి జాడ పట్టుకొని పోతాంటే చీకటి పడింది. పొద్దున దొరికినాడు. కాలు మడత పడింది, నడవలేకపోయినాడు, ఎత్తుకొని తెచ్చేసరికి పొద్దుగూకింది."

"అప్పటికే..."

"జరంత ముందర" అంది నాగమ్మ.

మర్నాడు చిన్నాయన కాలు కాస్త నిలబడ్డాక శవాన్ని ఇద్దరూ కలిసి మోశారట. ఊరి పొలాలు కనపడేచోట అంకన్న దించాడట. అప్పటి రోజులు మంచివి కావు. చెంచోళ్ళే చంపారంటారని, పోలీసులు పట్టుకుపోతారని భయం. మిగతా దారి చిన్నాయన ఒక్కడే, కుంటుతూ. ఊరు చూసింది అంతవరకే.

"మీ అన్నే నిన్ను వెతకమన్నాడని మా చిన్నాయనకు చెప్పినావా?"

"లేదు. వణికిపోతా ఉండె. ఆ మాట మోయగలడా ఆ పిల్లోడు? మా అమ్మకు గూడా చెప్పినా, యాడా అనొద్దని. ఆ బండ కాడ చెప్పేటప్పుడు గూడా అది వదిలేసే చెబుతా."

డిసెంబర్ 1

రక్తం ఎంత పోతే మనిషి బతకడో పిల్లలకు చెప్పేది నేనే. అంకన్న మనుషుల్ని తెచ్చి మోసుకుపోయి ఉంటే తెల్లారేలోపల రోడ్డు. ఆస్పత్రికి ఇంకో గంటన్నర. ఒక రాత్రీ ఒక పగలూ ఉన్న మనిషి, ఆ ఒక్క రాత్రిలో పోయేవాడు కాదు.

బతికేవాడు.

డిసెంబర్ 3, బుధవారం

చిన్నాయనకు ఈ మాట చెప్పను. ఎప్పటికీ. అంకన్న చెప్పలేదు, నాగమ్మ చెప్పలేదు. అమ్మకు కూడా చెప్పను. ఈ పుస్తకంలోనే ఉంటుంది.

షారోన్‌కు కూడా చెప్పలేదు. తను అడగలేదు. రోజూ తన క్యారియరు నా ముందుకు జరుపుతోంది.

డిసెంబర్ 7, ఆదివారం

పొద్దున తొమ్మిదింటికి చిన్నాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఫోను లేదు, ఏమీ లేదు. మొదటి బస్సుకు వచ్చాడట. అమ్మ రాత్రి కూర్చోబెట్టి చెప్పేసిందట, నీ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు, ఇప్పుడు దానికీ తెలిసింది, పోయి మాట్లాడు అని.

కుర్చీ వేశాను. కూర్చోలేదు. నేల మీద, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"సాయం కోసం పోలే పాపా నేను" అన్నాడు. "పరిగెత్తినా. సాయం కోసం అని తర్వాత చెప్పుకున్నా, నాకు నేనే. అది మీ నాయన మీద పడినాక ఆయన అరిచింది ఒకటే మాట. పో, పో అని. నన్ను పొమ్మన్నాడా, దాన్ని పొమ్మన్నాడా? ఇన్నేళ్ళూ అదే ఆలోచన నాకు."

రాజ్ కుమార్ లోపలి నుంచి వచ్చి, మా ఇద్దరినీ చూసి, చొక్కా వేసుకుని బయటికి పోయాడు.

చిన్నాయన అంతా చెప్పాడు. చెట్టు, పంచె, రాత్రి కింద ఏదో తిరుగుతున్న చప్పుడు. ఎలుగువి కాదు గదా అని అడిగింది కూడా. నేను నవ్వలేదు. ఆ బండ మీద నవ్విన నవ్వే గుర్తొచ్చింది.

"ఊళ్ళోకి వస్తానే అందరూ నన్ను పట్టుకొని, ఒక్కడివే మోసుకొచ్చినావా అన్నారు. కాదనడానికి నోరు రాలే. ఒకరోజు పోనీ, చెబుదామనుకున్నా. పదిరోజులు పోనీ అనుకున్నా. పెద్దమనిషినయిపోయినా." ఆగాడు. "ఒకటే అడుగుతా. అంకన్నను అడిగే ధైర్యం లేదు నాకు. మా అన్నకు ఆ పొద్దంతా తెలివి ఉండెనంట గదా. నన్ను తిట్టినాడా? తమ్ముడు వదిలేసి పోయినాడని ఏమన్నా అన్నాడా?"

చెప్పకూడదని రాసుకున్నది ఈ పుస్తకంలో ముందు పేజీలోనే ఉంది. కానీ ఎదురుగా నలభై ఏడేళ్ళ మనిషి, పందొమ్మిదేళ్ళ పిల్లవాడి మొహంతో కూర్చుని ఉన్నాడు. తిట్టలేదు అని ఊరుకుంటే నమ్మడు. ఇన్నేళ్ళ అబద్ధాల తర్వాత మా ఇంట్లో ఎవరూ ఎవరి మాటా నమ్మరు.

"తిట్టలే. నిన్ను వెతికి తీసుకురమ్మన్నాడు" అన్నాను. "వాడికి అడవి తెలీదు, చిన్నోడు అన్నాడంట."

మొహం వెలిగింది. నిజంగా వెలిగింది, ఒక్క క్షణం. తర్వాత ఆ వెలుగు ఎలా పోయిందో నేను కళ్ళారా చూశాను.

"అయితే అంకన్న నాకోసం వచ్చినాడా?" అన్నాడు నెమ్మదిగా. "రోడ్డుకు పోకుండా?"

నేను ఖాళీ కుర్చీని పక్కకు జరిపాను.

"పాపా. రోడ్డుకు పోకుండా నాకోసం వచ్చినాడా?"

"అవును" అన్నాను.

లేచాడు. పెరట్లోకి పోయి గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు. ఎంతసేపో. ఏమైనా చేసుకుంటాడేమోనని నేను తలుపు దగ్గరే ఉన్నాను. ఏడుపు వినపడితే బాగుండుననిపించింది. వినపడలేదు. నేను చేసింది తప్పో ఒప్పో తెలియదు. ఆయనను చంపేశాననే అనుకున్నాను.

లోపలికి వచ్చి మంచినీళ్ళు తాగాడు.

"వచ్చే ఆదివారం నన్ను తీసుకపో" అన్నాడు. "యాడికని అడగొద్దు. నీకు తెలుసు."

డిసెంబర్ 14, ఆదివారం. ఊరి నుంచి తిరిగి వస్తూ, బస్సులో

అంకన్న గూడెం మొదట్లోనే ఎదురొచ్చాడు.  చిన్నాయన చేతులు జోడించబోతే అంకన్న ఆ చేతులను పట్టుకుని కిందికి దించేశాడు.

నాగమ్మ చిన్నాయన తల మీద చెయ్యి పెట్టి తడిమింది. చెవులు, గడ్డం, అన్నీ.

"నువ్వేనా ఆ పిల్లోడివి?"

"నేనేనమ్మా."

"ఎన్నాళ్ళకొచ్చినావు! మీ అన్న దారి చూస్తానే పోయినాడు. వస్తాడులే, వస్తాడులే అంటి నేను" అంది. తర్వాత, మామూలుగా, "తిన్నావా?" అంది.

అప్పుడు ఏడ్చాడు చిన్నాయన. ఆమె ఒళ్ళో తలపెట్టి, నోరు తెరిచి, పసిబిడ్డలా. నేనూ అంకన్నా పక్కకు వచ్చేశాం. తర్వాత రాగిసంకటి తిన్నాం అందరం. చిన్నాయన రెండుసార్లు పెట్టించుకున్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం ఊరికి తిరిగి వచ్చాం. బస్సుకు టైముందని ఆదిలక్ష్మమ్మ టీ అంగడి ముందు ఆగాం. ఏడెనిమిది మంది ఉన్నారు. చిన్నాయనను చూసి ఇద్దరు బెంచీ మీంచి లేచారు, ఎప్పటిలాగే.

"కూర్చోండబ్బా" అన్నాడు. తను కూర్చోలేదు. "మీకొక మాట చెప్పాల. మా అన్నను అడవిలో నుంచి నేనొక్కణ్ణే మోసుకురాలే. అంకన్న మోసినాడు. చేన్ల కాడి దాకా వాడే ఎక్కువ మోసినాడు. మా అన్నను ఎలుగు పట్టుకుంటే నేను పారిపోయి చెట్టెక్కినా. నన్ను గూడా వాడే దింపుకొచ్చినాడు."

ఎవరో ఒకాయన నవ్వబోయాడు, పరాచికమనుకుని. నా మొహం చూసి ఆగిపోయాడు. పొయ్యి మీద పాలు పొంగి గిన్నె దాటాయి. ఎవరూ దించలేదు.

"ఏ అంకన్న?" అంది ఆదిలక్ష్మమ్మ.

"తేనె అంకన్న."

"శుక్రవారం శుక్రవారం తేనె అమ్మను వస్తాడే, ఆ అంకన్నా?" ఆమె చేతిలో గ్లాసు అలాగే ఉంది. "ఇన్నేళ్ళ నుంచీ వస్తాడే! నా బెంచీ మీద ఏనాడూ కూర్చోడు గదరా. అదో, ఆ స్తంభం కాడ నిలబడి తాగి పోతాడు. కూర్చోమని నేను గూడా ఎప్పుడూ అనలే."

"శుక్రవారం నేను ఈ పక్కకు రాకుండా తప్పుకొని పోయేవాణ్ణి" అన్నాడు చిన్నాయన.

 లేచి నిలబడిన ఇద్దరూ కూర్చోవాలో నిలబడాలో తెలియక అలాగే ఉన్నారు. చివరికి ఆదిలక్ష్మమ్మే పాలు దించింది.

"ఈ శుక్రవారం రానీలే. కూర్చోబెడతా" అంది.

చిన్నాయన తల అడ్డంగా ఊపాడు.

"నువ్వొద్దక్కా. నేను పిలుస్తా. అందరి ముందర నేనే పిలవాల."

శుక్రవారం నాకు బడి ఉంది. సెలవు పెడతాను.